కుమాసీ ఉమ్మడి ఇళ్లు: నడిమి వాకిలిలో గోడలు కట్టాలా?

ఇటుకబట్టీ:
ఘనాలోని కుమాసీలో అసాంటే జాతివారి పాత ఇళ్లకు నాలుగు వైపులా గదులు, నడుమ ఒకే వాకిలి. ఫుఫు (ఉడికించిన దుంపల ముద్ద) దంచడం, బట్టలు ఉతకడం, పిల్లల ఆటలు, చావు కబురుకు వచ్చినవారిని కూర్చోబెట్టడం, అన్నీ అందులోనే. అయితే పైకప్పు రేకులు తుప్పు పట్టినా బాగు చేయించే నాథుడు ఉండడు. ఎవరి వాటా వారికిచ్చి గోడలు కట్టేస్తే పోదా?

పెంకుటిల్లు:
వాటాలుంటే కదా పంచడానికి! మన మండువా ఇల్లు అన్నదమ్ముల మధ్య చీలినట్లు అది చీలదు. అసాంటేలకు వంశం తల్లి వైపు నుంచి నడుస్తుంది. ఆ వంశాన్ని అబుసువా అంటారు, ఇల్లు దానిదే. వంశ పెద్ద, ముఖ్యులు ఒప్పుకోనిదే అమ్మకం కుదరదు. భర్తతో తెగిపోయిన ఆడపడుచు తిరిగొస్తే గది అడగగలదు. గోడలు లేచాక ఆమె ఎవరి తలుపు తట్టాలి?

ఇటుకబట్టీ:
కాలం మారింది. వీలునామా రాయకుండా పోయినవారి ఇల్లు భార్యాబిడ్డలకు దక్కాలని 1985లోనే అక్కడ చట్టం వచ్చింది.

పెంకుటిల్లు:
అది సొంతంగా సంపాదించిన ఇంటికి. వంశపు ఇంటిని ఆ చట్టం ముట్టుకోలేదు. సగం చదివి వాదనకు దిగితే ఎలా?

గుమ్మంపక్క:
గోడ ఎక్కడ కడతారో చెప్పండి ముందు. అసాంటేల్లో భార్యాభర్తలు ఎవరి తల్లి ఇంట్లో వారు ఉండటం పాత అలవాటు. సాయంత్రం భార్య వండితే పిల్లలు గిన్నె పట్టుకుని తండ్రి ఇంటికి మోసుకెళ్లేవారు. అలాంటి చోట "ఒక కుటుంబం, ఒక గోడ" లెక్క ఎలా కుదురుతుంది? ఇప్పుడు చాలా ఇళ్లలో గదులు అద్దెకిచ్చారు. అక్కడ తగువులు వేరు: వాకిలి ఊడ్చే వంతు ఎవరిది, మరుగుదొడ్డి ఎవరు కడగాలి, ఒకే కరెంటు మీటరైతే ఫ్రిజ్ ఉన్నవారు ఎంత ఇవ్వాలి. వీటికి గదికో మీటరు, గోడకు అంటించిన వంతుల పట్టిక చాలు. (ఆ పట్టిక చింపేసేవాళ్లూ ఉంటారు, అది వేరే సంగతి.)

ఇటుకబట్టీ:
మరి రేకుల సంగతి?

పెంకుటిల్లు:
అద్దె డబ్బు ఎవరి చేతికి వెళుతోందో ముందు అడగాలి. దాన్ని వంశ పెద్ద ఒక్కడే జేబులో వేసుకుంటే ఎన్ని గోడలు కట్టినా కప్పు కారుతూనే ఉంటుంది. అద్దెలో కొంత మరమ్మతుకని పక్కన పెట్టి, లెక్క అందరి ముందూ చదవమనండి. చదవడానికి వాకిలి ఉండనే ఉంది.