కొరియా కోడిరెక్కల కోసం ఎక్కడికి వెళ్ళాలి: సువాన్‌కా, దెగూకా, సోల్‌లోనే సరిపోతుందా?

సోల్ విద్యార్థిని

నేను సోల్‌కు వచ్చి ఎనిమిది నెలలైంది. వచ్చే నెల సెలవులలో మేము నలుగురం మిత్రులం కేవలం కోడిరెక్కలు తినడానికే ఒక చోటికి వెళ్ళాలని అనుకుంటున్నాము. ఇద్దరు సువాన్ కోడి వీధి అంటున్నారు, ఒకరు దెగూ అని పట్టుబడుతున్నారు. సోయా, వెల్లుల్లి పూత పూసిన రెక్కలు ఇక్కడే దొరుకుతుండగా ప్రయాణం దండగ అన్నది నా వాదన. అనుభవమున్నవారు కారణాలతో సహా చెప్పగలరు.

సువాన్‌వాసి

నిస్సందేహంగా సువాన్‌కే రండి. పల్దల్‌మున్ కోట ద్వారానికి దగ్గరలో, వాగు పక్కన ఉన్న ఆ చిన్న వీధిలోని పాత దుకాణాలలో కోడిని గమసొత్ అనే దళసరి ఇనుప మూకుడులో వేయిస్తారు. చల్లని మాంసం పడినా అంత దళసరి మూకుడులో నూనె వేడి ఒక్కసారిగా తగ్గిపోదు కాబట్టి, పైన పిండి పేరుకు మాత్రమే ఉన్నా చర్మం నూనె పీల్చుకోకుండా పెళుసుగా వేగుతుంది. రెక్క చివరి సన్నని కణుపు ఎంతగా వేగుతుందంటే, దానిని ఎముకతో సహా నమిలేయవచ్చు. కొన్ని చోట్ల వేయించిన కందనకాయలు, కోడికాళ్ళు అడగకుండానే పళ్ళెంలో పెడతారు. నంజుకోవడానికి ఉప్పు చాలు, సాస్ అక్కరలేదు.

రెక్కల పక్షం

సువాన్‌వాసి గారు చెప్పినది కోడి వేపుడు గురించి. అడిగినది రెక్కల గురించి. ఆ వీధి ప్రసిద్ధి టోంగ్డాక్‌కు, అంటే పూర్తి కోడికి. నలుగురు కూర్చుని రెండు కోళ్ళు చెప్పినా వచ్చేవి నాలుగు రెక్కలే. పైగా కొరియాలో వేపుడుకు ఎక్కువగా వాడే పదో నంబరు (బరువును బట్టి ఇచ్చే నంబరు) కోడి 951 నుంచి 1050 గ్రాములే తూగుతుంది కాబట్టి ఆ రెక్కలు కూడా చిన్నవే.

రెక్కను విడిగా ఆస్వాదించడం ముక్కల వేపుడు వచ్చాక పుట్టిన అలవాటు. 1977లో సోల్‌లోని షిన్‌సెగే డిపార్ట్‌మెంట్ స్టోర్ నేలమాళిగలో లిమ్స్ చికెన్ తెరిచాక ముక్కల పద్ధతి గొలుసు దుకాణాల ద్వారా పాకింది. 1991లో గుమీలో మొదలైన క్యోచోన్ అనే గొలుసు దుకాణం సోయా, వెల్లుల్లి పూతను ఇంటింటికీ తీసుకువెళ్ళింది. అక్కడ వేగిన ముక్కలను సాస్‌లో వేసి కలపరు. ఒక్కొక్క ముక్కకూ కుంచెతో పూస్తారు. ముందే రెండుసార్లు వేయించి ఉండడం వల్ల చర్మం కింది కొవ్వు కరిగిపోయి, పైపొర గాజులాగా బిగుసుకుంటుంది. పలుచని పూత దానిమీద నిలుస్తుందే కాని లోపలికి ఇంకదు. మాంసం కన్నా చర్మం ఎక్కువగా ఉండే రెక్కకు ఇంతకన్నా తగిన పద్ధతి లేదని నా అభిప్రాయం. ఖరీదు తక్కువేమీ కాదు: రెక్కలు, కాళ్ళు కలిపి ఇచ్చే హనీ కాంబో ధర 2023 ఏప్రిల్‌లో 20,000 వాన్‌ల నుంచి 23,000 వాన్‌లకు పెరిగింది.

దెగూ పాతకాపు

దెగూను ఒక్క మాటతో దాటవేస్తున్నారు. గొచుజాంగ్ (పులియబెట్టిన మిరప ముద్ద), వెల్లుల్లి, తీపి పాకం కలిపిన ఎర్రని యాంగ్న్యోమ్ పూతను కనిపెట్టిన ఘనత సాధారణంగా ఈ ఊళ్ళో దుకాణం నడిపిన యూన్ జొంగ్-గె గారికే ఇస్తారు. చల్లారిన వేపుడు గట్టిపడి తినేవారి నోటికి గుచ్చుకుంటున్నదని ఆయన ఆ పూత వైపు మళ్ళారు. అంటే యాంగ్న్యోమ్ ఉద్దేశమే వేరు: కరకరను కాపాడడం కాదు, చల్లారిన తరువాత కూడా ముక్కను తినదగినదిగా ఉంచడం. 2013 నుంచి ఇక్కడ వేసవిలో కోడి వేపుడుకూ బీరుకూ కలిపి చిమెక్ ఉత్సవమే జరుగుతున్నది. రెక్కను ఎర్రని పూతతో తిని, వేళ్ళు నాకకుండా లేచినవారిని నేను చూడలేదు.

రెక్కల పక్షం

చరిత్రతో నాకు పేచీ లేదు. అయితే కాలి ముక్కలో మాంసం ఎక్కువ కాబట్టి చిక్కని పూతకు అది తట్టుకుంటుంది. రెక్కలో పట్టుమని రెండు కొరుకుల మాంసం, మిగిలినదంతా పాకమే. పది నిమిషాలు గడిచాక చర్మం మెత్తబడి ఎముక నుంచి జారిపోతుంది. తీపి పాకమే భోజనమనుకునేవారికి అభ్యంతరం ఉండదేమో!

సువాన్‌వాసి

రెక్కల లెక్కలో ఓడిపోయానని ఒప్పుకుంటున్నాను. కానీ ఇద్దరూ మరచిన సంగతి ఒకటుంది. నిరుడు ఒక రాత్రి ఒక గొలుసు దుకాణం నుంచి సోయా రెక్కలు తెప్పించుకుంటే, పెట్టె చేరేసరికి నలభై నిమిషాలైంది. మూత లోపలివైపు ఆవిరి చుక్కలు కట్టి, అవి కారి అడుగు కాగితం తడిసింది. మీరు గాజు అన్న ఆ పొర తడిసిన అట్టలాగా తయారైంది. కరకరలాడుతూ మిగిలింది పక్కనున్న ముల్లంగి ముక్కలే. కుంచెతో పూసినా, గరిటెతో కలిపినా, మూకుడుకూ బల్లకూ మధ్య దూరమే రుచిని తేలుస్తుంది. సువాన్‌లో ఆ దూరం పది అడుగులు.

రెక్కల పక్షం

ఇది సరైన మాట. సోయా రెక్కలైనా దుకాణంలోనే కూర్చుని తినాలి. పార్శిల్ తీసుకుంటే మూత తెరిచి పట్టుకెళ్ళాలి.

సోల్ విద్యార్థిని

అందరికీ ధన్యవాదాలు. మొదటి సాయంత్రం సోల్‌లోనే, బల్లలున్న దుకాణంలో సోయా రెక్కలు తింటాము. మర్నాడు మెట్రో ఒకటో లైనులో సువాన్ వెళ్ళి రెండు కోళ్ళు చెబుతాము. మనిషికొక రెక్క చొప్పున తగవు ఉండదు. రైలు టికెట్టు ఖర్చు చూసి దెగూను ఉత్సవం నాటికి వాయిదా వేశాము. పాతకాపు గారూ, అప్పుడు మీరు చెప్పిన ఎర్ర రెక్కలను చల్లారబెట్టి మరీ తిని, ఫలితం ఇక్కడే రాస్తాను.