ఖ్వాబ్ అని రాయాలా, ఖాబ్ అని రాయాలా? (జియా మొహియుద్దీన్ వ్యాసం దగ్గర ఆగిపోయాను)

శేషం_రేపు:
నాలుగు రోజులుగా ఒక పాదం వదలడం లేదు. పాకిస్తాన్ నటుడు జియా మొహియుద్దీన్ గురించి ఒక వ్యాసం రాస్తున్నాను. 2023 ఫిబ్రవరి 13న కరాచీలో పోయారు, 91 ఏళ్ళు. నటుడే గానీ నాకు మాత్రం ఆయన ముందు ఒక గొంతు. గాలిబ్ ఉత్తరాలు ఆయన చదవగా ఇక్కడ చాలామంది వినే ఉంటారు. వ్యాసం తలమీద గాలిబ్ పాదమే ఒకటి పెడదామనుకున్నాను. "కలలో మేలుకున్నవాళ్ళు ఇంకా కలలోనే ఉన్నారు" అనే అర్థం వస్తుంది. వేషం కట్టి రంగస్థలం మీద నిలబడిన మనిషికి అంతకన్నా దగ్గరి మాట నాకు దొరకలేదు. చివర "జాగే హైఁ ఖ్వాబ్ మేఁ" అని గుర్తుంది, ముందుది జారిపోయింది. రెండో సందేహం: కల అనే ఆ ఉర్దూ మాటను తెలుగులో ఖ్వాబ్ అని రాయాలా, ఖాబ్ అని రాయాలా? ఉచ్చారణ కోసం ప్రాణం పెట్టిన మనిషి మీద వ్యాసం, శీర్షికలోనే తప్పు పడితే నాకు నిద్ర పట్టదు.

పాతబస్తీ_గల్లీ:
పూర్తి పాదం "హైఁ ఖ్వాబ్ మేఁ హనూజ్ జో జాగే హైఁ ఖ్వాబ్ మేఁ". దానికి ముందుది "హై గైబె గైబ్ జిస్ కో సమఝ్‌తే హైఁ హమ్ షుహూద్". మనం కళ్ళెదుట ఉందనుకునేది నిజానికి మరుగులోని మరుగు అని. రాసేటప్పుడు ఖ్వాబ్ అంటారు, నోట్లో అది ఖాబే. ఉర్దూ లిపిలో ఖే తర్వాత రాసే వావ్, అంటే వకారం, కంటికి మాత్రమే కనిపిస్తుంది. వావె మాదూలా అంటారు దాన్ని. జియా సాబ్ ఏ పద్యం చదివినా ఖాబ్ తప్ప ఖ్వాబ్ వినిపించదు. ఇక సందేహం ఎక్కడుంది?

నిఘంటువు_పక్కన:
సందేహం ఉంది గల్లీ గారూ. ఆ వావ్ ఊరికే అక్కడ కూర్చోలేదు. సంస్కృతంలో మాట మొదట "స్వ" ఉన్నచోట ఇరానీ భాషల్లో "ఖ్వ" వస్తుంది. స్వప్ ధాతువుకు చుట్టమే ఖ్వాబ్. మన స్వసృ, అంటే అక్కచెల్లెలు, పారసీలో ఖ్వాహర్. మన స్వప్నంలో వకారం మోగుతోంది, వాళ్ళ నోట అరిగిపోయింది. తెలుగులో రాసేటప్పుడు ఆ వకారాన్ని కాపాడితే స్వప్నానికి, ఖ్వాబ్‌కి ఉన్న చుట్టరికం కంటికి కనిపిస్తుంది. నా ఓటు ఖ్వాబ్‌కే.

పాతబస్తీ_గల్లీ:
చుట్టరికం చూపించడానికి నిఘంటువు ఉంది. శీర్షిక చదువుకోవడానికి. "ఖుషీ" ఉర్దూలో రాసి చూడండి. ఖే, వావ్, షీన్, యే. అక్కడా వావ్ ఉంది. తెలుగులో ఎవరైనా "ఖ్వుషీ" అని రాశారా?

ఛందోబద్ధం:
చెవి సంగతి పక్కన పెట్టండి. గణాలు వేద్దాం. పాదం నడక పారసీ గణాల్లో మఫూలు ఫాయిలాతు మఫాయీలు ఫాయిలున్. మన గురులఘువుల్లో గగల, గలగల, లగగల, గలగ. ఇప్పుడు విడగొట్టండి:
హైఁ-ఖా-బ | మేఁ-హ-నూ-జ | జో-జా-గే-హైఁ | ఖా-బ-మేఁ
మూడో గణం చివర హైఁ లఘువుగా పడాలి. దాని తర్వాతి అక్షరం రెండో ఖ్వాబ్‌లో మొదటిది. అది నిజంగా ఖ్వా అయితే సంయుక్తం ముందు లఘువు గురువవుతుంది, నడక కూలిపోతుంది. కూలలేదు కాబట్టి గాలిబ్ నోట అది ఖా. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

నిఘంటువు_పక్కన:
ఛందోబద్ధం గారూ, మన లక్షణం ప్రకారమే మీ సాక్ష్యం నిలవదు. వేరు పదం మొదట ఉన్న సంయుక్తాక్షరం ముందు పదం చివరి లఘువును తప్పనిసరిగా గురువు చెయ్యదు. సమాసమైతే చేస్తుంది. "హైఁ" "ఖ్వాబ్" రెండూ వేరు పదాలు. పైగా మొదటి పాదంలోనూ అదే చోట "సమఝ్‌తే హైఁ హమ్" అని హైఁ లఘువుగానే పడింది. అక్కడ సంయుక్తమే లేదు. హైఁ ఎక్కడైనా కుదించుకోవచ్చు. మీరు నిరూపించింది హైఁ గుణం, ఖ్వా గుణం కాదు.

ఛందోబద్ధం:
వేరు పదాల సడలింపు తెలుగు పదాల మధ్య నడుస్తుంది. పారసీ నడకకు మన సడలింపు ఎలా తగిలిస్తారు?

నిఘంటువు_పక్కన:
మన నియమం తగిలించిందే మీరు కదా, సడలింపు మాత్రం తగిలించకూడదా?

మెదక్_మాస్టారు:
కొట్టుకోకండి నాయనా. శేషం గారూ, ఖ్వాబ్ కంటే ముందు పేరు చూసుకోండి. మొహియుద్దీన్ అని రాశారు. అరబ్బీలో ముహ్యి-ఉద్-దీన్, ధర్మానికి ప్రాణం పోసేవాడు అని. మన దగ్గర మొహియుద్దీన్, మొహిద్దీన్, మొయినుద్దీన్ అన్నీ కలిపి రాసేస్తారు. మొయినుద్దీన్ వేరే మాట, ధర్మానికి తోడు నిలిచేవాడు. మొహియుద్దీన్ అనే రూపం మనకు అలవాటు చేసింది మన ఉర్దూ కవి మఖ్దూం. మా అందోలులో 1908లో పుట్టిన మఖ్దూం మొహియుద్దీన్. సిటీ కాలేజీలో పాఠం చెబుతూ ఉద్యోగం వదిలి కమ్యూనిస్టు పార్టీలోకి వెళ్ళిన మనిషి. బెర్నార్డ్ షా నాటకాన్ని ఉర్దూలోకి మార్చి హైదరాబాద్‌లో ఆడించాడు. ఆయనా రంగస్థలం మనిషేనని ఎంతమందికి గుర్తుంది? ఆయన కవితల పుస్తకం "సుర్ఖ్ సవేరా" (ఎర్రని ఉదయం) 1944లో వచ్చింది. సవేరా అన్న మాటకు మా తరంలో తెలుగు అవసరం లేకపోయింది.

పాతబస్తీ_గల్లీ:
మాస్టారూ, మఖ్దూం పేరెత్తారు కాబట్టి ఒక్క మాట. "రాత్ భర్" అని ముగిసే ఆయన గజల్ మొదటి పంక్తిని అలాగే ఎత్తుకుని ఫైజ్ అహ్మద్ ఫైజ్ తన గజల్ రాశాడు, మఖ్దూం జ్ఞాపకంగా. మఖ్దూం 1969 ఆగస్టులో ఢిల్లీలో పోయాడు. లాహోర్ కవి హైదరాబాద్ కవికి అలా నివాళి పట్టాడు. ఆ ఫైజ్‌ను జనం చెవుల్లో నిలబెట్టినవాడు జియా. దారం ఎక్కడి నుంచి ఎక్కడిదాకా వచ్చిందో చూడండి.

మెదక్_మాస్టారు:
ఆ గజల్ రాత్రి పూట వినాలి. పగలు వింటే సగమే అందుతుంది.

బర్మింగ్‌హామ్_తెలుగు:
అందరూ అక్షరం దగ్గరే ఉన్నారు, మనిషి గురించి ఎవరూ చెప్పడం లేదు. నేను 1980ల్లో ఈ ఊరు వచ్చినప్పుడు ఇక్కడి సెంట్రల్ టెలివిజన్‌లో "హియర్ అండ్ నౌ" అని కార్యక్రమం వచ్చేది, జియా నడిపేవారు. మన దేశాల మొహాలు టీవీలో కనిపించడమే అరుదైన రోజులు. అప్పటికి ఆయన వెనక ఎంత చరిత్ర ఉందో నాకు తెలియదు. లయల్‌పూర్‌లో పుట్టారు, ఇప్పుడు ఫైసలాబాద్ అంటున్నాం. లండన్ వచ్చి 1953 నుంచి 56 దాకా రాడాలో, అంటే అక్కడి పేరున్న నటనా కళాశాలలో, నటన నేర్చుకున్నారు. 1960లో లండన్ నాటకశాలల పేట వెస్ట్ ఎండ్‌లో ఫార్స్టర్ నవల "ఎ పాసేజ్ టు ఇండియా"ను శాంతా రామారావు నాటకం చేస్తే అందులో ముఖ్యపాత్ర డాక్టర్ అజీజ్ ఆయనే. శాంతా గారు మద్రాసులో పుట్టినావిడ. ఆ తర్వాత డేవిడ్ లీన్ సినిమా "లారెన్స్ ఆఫ్ అరేబియా"లో దారి చూపించే తఫస్. బావి దగ్గర నీళ్ళు తోడుకుంటూ తుపాకీ దెబ్బకు పడిపోతాడు. తెర మీద ఉండేది కొన్ని నిమిషాలే, కానీ సినిమా చూసినవాళ్ళెవరూ ఆ బావిని మరిచిపోరు. అదే డేవిడ్ లీన్ 1984లో ఫార్స్టర్ నవలను సినిమా తీసినప్పుడు అజీజ్ వేషం విక్టర్ బెనర్జీకి వెళ్ళింది. నాకు ఇప్పటికీ అది కొంచెం నొప్పి.

శేషం_రేపు:
నాకూ నొప్పే. 1965లో బీబీసీ అదే నాటకాన్ని టీవీకి తీసింది, వారిస్ హుసేన్ దర్శకత్వం. అందులో అజీజ్ జియానే. కనీసం అదొకటి మిగిలింది.
సొంత జీవితం గురించి రాయడం నాకు కష్టంగా ఉంది. మూడు పెళ్ళిళ్ళు. రెండోది కథక్ నర్తకి నాహీద్ సిద్దీఖీతో. నాహీద్ టీవీలో చేసిన "పాయల్" కార్యక్రమాన్ని పాకిస్తాన్ సైనిక పాలకుడు జియా ఉల్ హక్ ప్రభుత్వం ఆపేసింది. ఆడది నాట్యం చేయడమే నేరమైన రోజులు. ఇద్దరూ ఇంగ్లండ్ వెళ్ళిపోయారు. తర్వాత ఆ పెళ్ళి నిలవలేదు. ఆఖరిదాకా తోడున్నది మూడో భార్య అజ్రా. ఒకే పేరు సగం పంచుకున్న ఇద్దరు జియాలు, ఒకడు నాట్యం ఆపాడు, ఇంకొకడు ఆ నాట్యం పక్కన నిలబడి దేశం వదిలాడు. ఈ వాక్యం దగ్గర కలం చాలాసేపు ఆగింది.

పాతబస్తీ_గల్లీ:
జియా అంటే వెలుగు. అక్కడ జ కాదు, జ్వాద్ అక్షరం. అరబ్బులు ఒకలా, మనం ఒకలా పలుకుతాం. తెలుగులో చుక్క పెట్టే వీలు లేదు కాబట్టి జియా అనే రాయండి, ఏం చేస్తాం.

నిఘంటువు_పక్కన:
చుక్క లేదు గానీ అరసున్న ఉంది. పైన హైఁ, మేఁ అని మీరే రాశారు. ముక్కుతో పలికే ఉర్దూ నూన్ గున్నాకు మన అరసున్న సరిగ్గా అతికింది. పాతబడిందని పక్కన పడేసిన గుర్తు ఉర్దూ రాయడానికి ఇంత పనికొస్తుందని ఎవరూ చెప్పరు.

మెదక్_మాస్టారు:
ఇది నాకు నచ్చింది. దాశరథి గారు ఉంటే అడిగేవాణ్ణి. ఆయన తెలుగు చేసిన "గాలిబ్ గీతాలు" చేతిలో ఉన్నవాళ్ళు ఈ షేర్, అంటే ఈ రెండు పాదాలు, అందులో ఉందేమో చూసి చెప్పండి. ఆయన ఉర్దూ పుస్తకంలోంచి వచ్చింది కాదు, నిజాం రాజ్యంలో చదువుకున్నవాడి నోట్లోంచి వచ్చింది. అదే ఉర్దూ ఏలిక మీద తిరగబడి నిజామాబాద్ జైలు గోడ మీద బొగ్గుతో పద్యం రాసినవాడు, ఆ భాషలోని గాలిబ్‌ను గుండెకు హత్తుకున్నాడు. భాష వేరు, రాజు వేరు అని ఆయనకు తెలిసినంత బాగా ఎవరికి తెలుసు?

కచేరీ_కాగితం:
ఆలస్యంగా వచ్చాను, మన్నించాలి. నేను పనిచేసింది రెవెన్యూ శాఖలో, కవిత్వంలో కాదు. కానీ ముప్పై ఏళ్ళు రోజూ రాసిన ఒక మాట ఉంది: దరఖాస్తు. ఉర్దూలో అది దర్ఖ్వాస్త్, మీరు చెబుతున్న అదే ఖే, వావ్, అలిఫ్. మనవాళ్ళు దాన్ని "దరఖ్వాస్తు" అని ఎన్నడూ రాయలేదు. ఊరి కరణం చెవితో విన్నాడు, విన్నట్టే రాశాడు. ఖాజా అనే పేరు కూడా అంతే. ఉర్దూలో ఖ్వాజా, మన రేషన్ కార్డుల్లో ఖాజా. తనఖా కూడా తన్ఖ్వాహ్ నుంచే వచ్చిందని నా నమ్మకం. అక్కడ జీతం, ఇక్కడ కుదువ, అర్థం ఎటో పోయింది గానీ ఖా మాత్రం ఖాగానే ఉంది.
చెవితో తెచ్చుకున్నవన్నీ ఖా. ఖ్వాబ్, ఖ్వాహిష్ లాంటివి మనం ఈమధ్య కంటితో తెచ్చుకున్నాం. హిందీ అక్షరాల్లోనో ఇంగ్లిష్ అక్షరాల్లోనో చూసి రాసుకున్నాం.

పాతబస్తీ_గల్లీ:
కాగితం గారూ, సలాం. ఇంతసేపు నేను చెప్పాలనుకుని చెప్పలేకపోయింది ఇదే.

నిఘంటువు_పక్కన:
దరఖాస్తు బలమైన సాక్ష్యమే, ఒప్పుకుంటాను. కానీ దరఖాస్తు తెలుగు మాట అయిపోయింది. ఖ్వాబ్ ఇంకా అతిథి. అతిథిని అతని ఇంటి పేరుతోనే పిలవాలి.

కచేరీ_కాగితం:
ఇంటి పేరుతో పిలవండి, వాళ్ళింట్లో ఎలా పిలుస్తారో అలాగే పిలవండి. వాళ్ళింట్లో ఖాబ్ అనే అంటారు కదా.

ఛందోబద్ధం:
గణాల లెక్క ఇంకా తేలలేదు. ఖ్వాబ్ ముందు అసలైన హ్రస్వాచ్చు లఘువుగా పడ్డ షేర్ ఒకటి, ఉర్దూ కవి ఎవరిదైనా సరే, చూపించండి. హైఁ వద్దు. "న" గానీ "యె" గానీ "కె" గానీ ఉండాలి. దొరికితే నిఘంటువు గారి సడలింపు వాదం కూడా చూద్దాం.

బర్మింగ్‌హామ్_తెలుగు:
శేషం గారూ, నాపా గురించి మరిచిపోకండి. 2005లో కరాచీలో పాత హిందూ జింఖానా భవనంలో నాటకానికీ సంగీతానికీ మొదలుపెట్టిన అకాడమీ. లండన్ వేదికలు చూసి వచ్చిన మనిషి ఎనభై దగ్గరపడే వయసులో పిల్లలకు అక్షరం అక్షరం పలకడం నేర్పుతూ కూర్చున్నారు. నాకు ఆయన సినిమాలన్నీ ఒక ఎత్తు, ఈ పని ఒక ఎత్తు. లాహోర్‌లో ఏటా డిసెంబరు 31 సాయంత్రం ఆయన పఠనం వినడానికి జనం వచ్చేవారు. కొత్త సంవత్సరాన్ని ఒక గొంతుతో మొదలుపెట్టుకునే ఊరు ఇంకెక్కడైనా ఉందా?

శేషం_రేపు:
అందరికీ నమస్కారాలు. దరఖాస్తు చూశాక నా మనసు ఖాబ్ వైపు మొగ్గింది. కానీ స్వప్నం చుట్టరికం విన్నాక వకారం తీసెయ్యాలంటే చెయ్యి రావడం లేదు. శీర్షికలో ఖ్వాబ్ అని రాసి, మొదటి పేరాలోనే దాన్ని ఖాబ్ అని చదవమని చెబుదామా అనుకుంటున్నాను.

మెదక్_మాస్టారు:
చదవమని చెప్పాల్సి వచ్చిందంటే రాత ఓడిపోయినట్టే నాయనా. ఖాబ్ అని రాసెయ్.

పాతబస్తీ_గల్లీ:
శేషం గారూ, ఇంకొక్కటి. పైన నేను హనూజ్ (ఇంకా) అని రాశాను. మా నాన్నగారు హునూజ్ అనేవారు. "హనూజ్ ఢిల్లీ దూర్ అస్త్" (ఢిల్లీ ఇంకా దూరమే) అన్నప్పుడు మీలో ఎవరెవరు హ అంటారు, ఎవరెవరు హు అంటారు? లఘువే కాబట్టి గణాలు సాయం చెయ్యవు.

నిఘంటువు_పక్కన:
హనూజ్. పారసీ నిఘంటువుల్లో హ మీద జబర్ (అకారం గుర్తు) ఉంది.

మెదక్_మాస్టారు:
మా ఊళ్ళో మౌల్వీ సాబ్ హునూజ్ అనేవాడు. ఆయన పారసీ చెబుతూనే ముసలాడైపోయాడు.