రిటైరయ్యాక పురావస్తు శాస్త్రం నేర్చుకోవచ్చా?

ప్రశ్న: మాది తెనాలి. బ్యాంకు ఉద్యోగం అయిపోయింది. భట్టిప్రోలు స్తూపం చూసొచ్చాక మనసు అటే లాగుతోంది. డిగ్రీలేం వద్దు, ఆదివారాలు కూర్చుని నేర్చుకునే దారి చెప్పండి.

జవాబు 1: ముందు బ్రాహ్మీ లిపి, అంటే అశోకుడి కాలం నాటి శాసనాల లిపి, పట్టుకోండి మాస్టారూ. మా పక్క వీధిలో ఓ చరిత్ర లెక్చరరు గారు ఆదివారం పూట నేర్పుతారు. టైలరు, రిటైర్డు కండక్టరు, నేను బెంచీ మీద సర్దుకుంటాం. అశోకుడి బ్రాహ్మీలో గీత లేకపోతే ‘క’, గీత పెడితే ‘కా’. మీ భట్టిప్రోలు ధాతు కరండాల (అస్థికలు దాచిన భరిణెల) మీద అలా కాదు, ఆ గీత పెడితేనే ‘క’! దీర్ఘానికి గీతను కిందికి వంచుతారు. 1892లో అలెగ్జాండర్ రే తవ్వకాల్లో బయటపడ్డవి అవి. ఇది అర్థమైన రోజు నాకు భోజనం సయించలేదు, మా ఆవిడ బీపీ అనుకుంది.

జవాబు 2: సరదా బాగుంది గానీ గడ్డపార ముట్టుకోకండి. పొలంలో పాత కుండ పెంకు కనబడితే ఫోటో తీసి, చోటు రాసుకుని అక్కడే వదిలేయండి. చోటు తెలియని పెంకుతో పరిశోధకుడికి పెద్దగా పనుండదు. పాతిపెట్టిన సొత్తు రూ.10 విలువ మించి దొరికితే 1878 చట్టం ప్రకారం కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి.

ప్రశ్న అడిగినవారు: ఆ లెక్చరరు గారి బెంచీ మీద ఇంకో మనిషికి చోటుంటుందా అండీ?

జవాబు 1: కండక్టరు గారిని జరగమంటాను, రండి.