సెనేటర్లకు ‘సూచన’ కాదు, ‘ఆదేశం’

అమెరికా తొలినాళ్ల చరిత్రను తెనిగిస్తున్న మిత్రులు, ‘ఇన్‌స్ట్రక్ట్’ అన్న ఇంగ్లిషు మాట వచ్చినచోట “వర్జీనియా శాసనసభ తన సెనేటర్లకు సూచించింది” అనవచ్చునా అని అడిగారు. శాసనసభ సంగతి ముందు చెబుతాను: అక్కడ రెండు సభలున్నాయి గనుక ‘చట్టసభ’ మేలు. ఇక ‘సూచించింది’ నాకు సమ్మతం కాదు. సూచనను వింటే వినవచ్చు, లేకుంటే మానవచ్చు. ఆ వెసులుబాటు ఇవ్వడం ఆ చట్టసభల ఉద్దేశం కాదు.

1913లో రాజ్యాంగానికి పదిహేడవ సవరణ వచ్చేదాకా, అమెరికా కాంగ్రెసు ఎగువసభ అయిన సెనేట్ సభ్యులను, అంటే సెనేటర్లను, రాష్ట్రాల చట్టసభలు ఎన్నుకునేవి. దిగువసభ అయిన ప్రతినిధుల సభకు మాత్రం జనమే ఎన్నుకునేవారు. అందుకే ఆనాటి తీర్మానాల్లో తరచుగా ఒకే వాక్యంలో సెనేటర్లను ‘ఇన్‌స్ట్రక్ట్’ చేయడం, ప్రతినిధులను ‘రిక్వెస్ట్’ చేయడం పక్కపక్కనే కనిపిస్తాయి. తాము పంపినవారితో ఒక మాట, జనం పంపినవారితో మరొక మాట! రెండింటినీ సూచన చేస్తే ఆ తేడా కాస్తా గంగలో కలుస్తుంది. రెండవదానికి మన సభల తీర్మానాల్లో నలిగిన ‘కోరడమైనది’ ఉండనే ఉంది. మొదటిదానికి ‘ఆదేశించడమైనది’ అనాలి.

ధిక్కరించినవారిని శిక్షించలేనప్పుడు అది ఆదేశమెలా అవుతుందని ఇక్కడ ఒకరు ఆక్షేపించారు. నిజమే, 1787 నాటి రాజ్యాంగం సెనేటర్లను వెనక్కి పిలిచే అధికారాన్ని రాష్ట్రాలకు ఇవ్వలేదు. అయినా 1807 నాటి నౌకా వాణిజ్య నిషేధాన్ని సమర్థించిన మసాచుసెట్స్ సెనేటర్ జాన్ క్విన్సీ ఆడమ్స్‌కు 1809 మార్చి దాకా పదవీకాలం ఉండగానే ఆ రాష్ట్ర చట్టసభ 1808 జూన్‌లో ఆయన తరువాతి సెనేటరును ఎన్నుకొని, నిషేధం రద్దుకు పాటుపడాలని తీర్మానించగా, ఆయన ఆ నెలలోనే రాజీనామా చేశారు.

వర్జీనియాకు చెందిన జాన్ టైలర్ ఉదంతం ఇంకా చిత్రమైనది. జాతీయ బ్యాంకు విషయంలో వర్జీనియా ఆదేశాలను లెక్కచేయలేదని ఇద్దరు సెనేటర్లను తప్పుపట్టాలంటూ యువకుడిగా రాష్ట్ర సభలో తీర్మానం పెట్టినవాడు ఆయనే. అధ్యక్షుడు జాక్సన్‌ను 1834లో సెనేట్ తప్పుపడుతూ చేసిన తీర్మానాన్ని రికార్డులోంచి కొట్టివేయించడానికి ఓటు వేయాలని 1836లో అదే చట్టసభ, అప్పటికి సెనేటరైన టైలర్‌ను ఆదేశించింది. ఆ ఓటు వేయడానికి మనసు రాలేదు, ఆదేశించే హక్కును కాదనడానికి నోరు రాలేదు, పదవి వదిలేశారు. వర్జీనియా రెండో సెనేటర్ బెంజమిన్ వాట్కిన్స్ లీ మాత్రం ఆదేశాన్ని పాటించకుండానే మరికొన్ని నెలలు కొనసాగారు.

మన వ్యాకరణంలో కూడా ఒక ఆదేశముంది కదా! ‘శత్రువదాదేశః’ అన్నట్లు, ఉన్న అక్షరాన్ని వెళ్లగొట్టి శత్రువులా ఆ చోట కూర్చుంటుంది. చట్టసభ ఆదేశమూ అలాగే పనిచేసింది: టైలర్ ఖాళీ చేసిన స్థానంలోకి వచ్చిన విలియం కాబెల్ రైవ్స్, అంతకు రెండేళ్ల ముందు అదే చట్టసభ ఆదేశాన్ని పాటించలేక సెనేట్ నుంచి రాజీనామా చేసి వెళ్లినవాడే.