సోనిక్స్‌ని సియాటిల్ పోగొట్టుకుందా, ఎవరైనా ఎత్తుకుపోయారా?

వానచినుకు_బెల్‌వ్యూ:
నేనిక్కడ దిగేసరికి సియాటిల్ బాస్కెట్‌బాల్ జట్టు సూపర్‌సోనిక్స్ మూటాముల్లె సర్దేసుకున్నారు. 2025లో ఓక్లహోమా సిటీ థండర్ కప్పు గెలిచిన మర్నాడు మా ఆఫీసులో ఒక స్థానికుడు చావుకబురు విన్నట్టు కూర్చుంటే గానీ నాకు విషయం తెలియలేదు. 1967లో మొదలై, 1979లో కప్పు తెచ్చిన జట్టు. 2006లో అప్పటి యజమాని, స్టార్‌బక్స్ హోవార్డ్ షుల్ట్జ్ దాన్ని ఓక్లహోమా వ్యాపారి క్లే బెన్నెట్ బృందానికి 35 కోట్ల డాలర్లకు అమ్మితే, రెండేళ్లలో ఊరూ పేరూ మారి ఆ థండర్ అయిపోయింది. తప్పు అమ్మినవాడిదా, కొన్నవాడిదా, కొత్త అరీనాకి (ఆటలాడే ఇండోర్ స్టేడియానికి) పన్నుల డబ్బు ఇవ్వం పొమ్మన్న ఊరిదా?

పాతబంతి:
కొన్నవాడిదే. ఇంకా చర్చ దేనికి? కొత్త అరీనా కోసం ఏడాదిపాటు నిజాయితీగా ప్రయత్నిస్తామని ఒప్పుకుని కొన్నారు. 2007 ఆగస్టులో భాగస్వామి ఆబ్రీ మెక్‌క్లెండన్ నోరు జారాడు, సియాటిల్‌లో ఉంచడానికి కొనలేదని. బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ రెండున్నర లక్షల డాలర్ల జరిమానా వేసింది. నిజం చెప్పినందుకు! సియాటిల్ పక్కనున్న రెంటన్‌లో 50 కోట్ల డాలర్ల అరీనా అడిగిందీ, కాదంటారనే.

కాకిలెక్కలు:
ఆవేశం సరే అన్నా, ఐ-91 అనే ప్రజాఓటు సంగతి దాటేస్తే ఎలా? 2006 నవంబరులో సియాటిల్ ఓటర్లలో నూటికి 74 మంది, అరీనాకి ఊరు పెట్టే డబ్బుకి కనీసం ప్రభుత్వ బాండ్లంత రాబడి రావాలన్నారు. 2008 మార్చిలో ఓక్లహోమా సిటీ వాళ్లేమో అరీనా కోసం ఒక సెంటు అమ్మకపు పన్నుకి ఒప్పుకున్నారు. కట్నం ఇస్తామన్న ఇంటికి వెళ్లాడు పెళ్లికొడుకు.

కింగ్‌డోమ్_బాకీ:
మాట మీరే అందించారు బాబూ. కట్నం అడగడమే నేరం.

ఆ 74 మందిలో నేనూ ఉన్నాను. ఇక్కడి పాత స్టేడియం కింగ్‌డోమ్‌ని 2000లో పేల్చేశారు, దాని అప్పు మాత్రం 2015 దాకా తీరలేదు. లేని కొంపకి పదిహేనేళ్లు వాయిదాలు! ఆలోగా బేస్‌బాల్‌కి ఒకటి, ఫుట్‌బాల్‌కి ఒకటి ప్రజల సొమ్ముతోనే కట్టారు. సోనిక్స్ ఆడే కీఅరీనాని 1995లో బాగుచేసి ఇచ్చాం, పదేళ్లు తిరిగేసరికి అదీ చాలదన్నారు. మరి అదే పాత పైకప్పు కింద 2021లో ప్రైవేటు పెట్టుబడితో క్లైమేట్ ప్లెడ్జ్ అరీనా ఎలా లేచింది?

కాకిలెక్కలు:
అది 2021 అంకుల్. 2006లో ఎవరొచ్చారు ముందుకి? 2007–08లో 20 గెలిచి 62 ఓడారు. తర్వాత పెద్ద స్టార్ అయిన కెవిన్ డ్యూరాంట్ కొత్తగా వచ్చిన సీజన్ అది, అయినా అంతే.

పాతబంతి:
ఓడితే మాత్రం వదిలేస్తారా? కీఅరీనా లీజు 2010 దాకా ఉందని ఊరు కోర్టుకెళ్లింది కదా. తీర్పు రావాల్సిన రోజే, 2008 జులై 2న, మేయర్ గ్రెగ్ నికెల్స్ 4.5 కోట్ల డాలర్లకి రాజీపడ్డాడు. సోనిక్స్ పేరు, ఆకుపచ్చ పసుపు రంగులు మనకి. ఆటగాళ్లు వాళ్లకి. చొక్కా ఉంచి మనిషిని తీసుకుపోయారు. బెన్నెట్ తర్వాత నా కోపం నికెల్స్ మీదే.

గ్యాలరీ_అక్క:
షుల్ట్జ్‌ని అందరూ భలే వదిలేశారు! ఆయన అదే బేరంలో మహిళల జట్టు స్టార్మ్‌ని కూడా ఇచ్చేశాడు. 2008లో ఈ ఊరి ఆడవాళ్లు నలుగురు కలిసి దాన్ని కోటి డాలర్లకు కొని ఇక్కడే ఉంచారు. ఆ తర్వాత 2010, 2018, 2020 కప్పులు స్టార్మ్‌వే. పోయిన జట్టు గురించి ఏడ్చేవాళ్లలో ఎంతమంది ఆ మ్యాచ్‌లకి వెళ్లారో గానీ, అది వేరే గొడవ.

కాకిలెక్కలు:
అక్కా, కోటికీ 35 కోట్లకీ తేడా లేదా?

గ్యాలరీ_అక్క:
ఉంది తమ్ముడూ. కానీ అమ్మేటప్పుడు ‘జట్టు ఊరు దాటకూడదు’ అని గట్టి షరతు రాయించుకోవడానికి పైసా ఖర్చవదు. అది మానేసి 2008 ఏప్రిల్‌లో అమ్మకం రద్దు చేయమని కేసు వేశాడు. ఆగస్టులో ఆ కేసూ వెనక్కి తీసుకున్నాడు.