చెట్టు చివరికి నీటిని చేర్చేది బతికున్న కణాలా, ఆవిరయ్యే నీరా?

పత్రహరితం:
ఆకుల్లో నీరు ఆవిరవుతుంటే ఆ లాగుడుకు కింది నీరు దానంతటదే పైకి వస్తుందని 1894లో డిక్సన్, జోలీ అనే శాస్త్రవేత్తలు అన్నారు. పాఠ్యపుస్తకాలన్నిటిలోనూ ఇదే మాట. ఇందులో కణాల ప్రాణంతో పని లేదంటే నాకు మింగుడుపడటం లేదు. కాండంలో బెరడు కింద ఉండే వల్కలం లోపలి పొరలోని కణాలు స్పందిస్తూ నీటిని పైకి తోస్తాయని జగదీశ్ చంద్ర బోస్ 1923లో రాశారు. వంద మీటర్ల యూకలిప్టస్ కొమ్మకు నీళ్లు అందించేవి ప్రాణం లేని గొట్టాలంటే ఎలా నమ్మాలి?

నీటిచుక్క:
బోస్ అంటే నాకూ ఎంతో గౌరవం. కానీ ఈ విషయంలో ప్రయోగాలు ఆయన వైపు లేవండీ. 1890ల తొలినాళ్లలోనే స్ట్రాస్‌బర్గర్ అనే జర్మన్ వృక్షశాస్త్రవేత్త దాదాపు 20 మీటర్ల చెట్లను మొదలు దగ్గర నరికి, కోసిన చోటును పిక్రిక్ ఆమ్లంలో ముంచాడు. ఆ విషం దారిలోని కణాలను చంపుకుంటూ పైకి పోయింది. ఆకులు చచ్చాకే ప్రవాహం ఆగింది. కాండంలోని కణాలే తోస్తుంటే అడుగునే ఆగిపోవాలి కదా?

ఇక వేరు పీడనం, అంటే వేళ్లు నీటిని కింది నుంచి పైకి తోసే ఒత్తిడి. తెల్లవారుజామున కొన్ని మొక్కల ఆకుల అంచున కనిపించే బొట్లు దాని పనే. అయితే అది సాధారణంగా 0.2 మెగాపాస్కల్ (పీడనానికి కొలత) దాటదు, అంటే 20 మీటర్లకు మించి ఎత్తలేదు. పైగా నీరు జోరుగా పారే మిట్టమధ్యాహ్నం అది దాదాపు ఉండదు. 1965లో షోలాండర్ బృందం పీడన గదితో (కోసిన కొమ్మను బిగించి, రసం బయటికి వచ్చేదాకా గాలి ఒత్తే పరికరం) కొలిస్తే మడచెట్లలో −3 మెగాపాస్కల్‌ను మించిన లాగుడు కనిపించింది (మైనస్ అంటే తోపు కాదు, లాగుడు). నీటి అణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి కాబట్టే ఆ ధార నిలుస్తుంది.

మూలకేశం:
ఇద్దరూ నీటి దగ్గరే ఆగిపోయారు. నేలలోని పొటాషియం, నైట్రేట్ వేరులోకి ఊరికే రావు. కణత్వచంలోని పంపులు ఏటీపీ (కణానికి శక్తినిచ్చే అణువు) ఖర్చుపెడితేనే వస్తాయి. ఆకులో తయారైన చక్కెర సంగతీ అంతే. చక్కెర రసం పీడనం ఎక్కువున్న చోటి నుంచి తక్కువున్న చోటికి పారుతుందని శాస్త్రవేత్త మ్యూంక్ 1930లో చెప్పిన పీడన ప్రవాహం నడవాలంటే ముందు చాలనీ నాళాల్లో (చక్కెరను మోసే గొట్టాల్లో) చక్కెర నిండాలి. చాలా మొక్కల్లో ఆ పని వాటి పక్కనే ఉండే సహకణాలు శక్తి ఖర్చుపెట్టి చేస్తాయి. కాండం చుట్టూ బెరడు వలిచి చూడండి. నీటిని మోసే దారువు లోపల ఉంటుంది కాబట్టి ఆకులు వెంటనే వాడవు. గాయానికి పైన కాండం ఉబ్బుతుంది, కింద వేళ్లు తిండి లేక మెల్లగా చస్తాయి.

పత్రహరితం:
సరే, కాండం కణాలు తోయవనే అనుకుందాం. అంత లాగుడులో గాలి బుడగ పుడితే? 1966లో మిల్‌బర్న్, జాన్సన్ ధార తెగే చప్పుళ్లు విన్నారు కూడా. 1990లలో జిమ్మర్‌మన్ బృందం నాళంలోకి నేరుగా సన్నని గాజు గొట్టం దించి కొలిస్తే అంత లాగుడు కనిపించలేదుగా?

నీటిచుక్క:
గుచ్చిన చోటే బుడగ పుట్టవచ్చు. అందుకే 1995లో కొమ్మ ముక్కలను గిర్రున తిప్పి, ఎంత లాగుడు పుట్టాలో లెక్కకట్టి చూశారు. పీడన గది కొలత దానితో సరిపోయింది. ఒక నాళంలో ధార తెగినా పక్క నాళాలు పనిచేస్తాయి, గోడల గుంటల్లోని పొరలు గాలిని తేలిగ్గా దాటనివ్వవు. ద్రాక్ష తీగలో వసంతంలో వేరు పీడనమే ఖాళీ నాళాలను నింపుతుంది. పక్కన లాగుడు ఉండగానే ఖాళీ నాళం నిండగలదా అన్నది మాత్రం ఇంకా తేలలేదు. అక్కడ బతికున్న కణాల పాత్ర ఉందని మీరు వాదిస్తే, నేను కాదనను.