కొత్త మానిటర్‌లో నలుపు బూడిదరంగులో ఉంది, ప్రింట్ మాత్రం చీకటిగా వస్తోంది

ఆల్బమ్‌పని_తెనాలి:

పెళ్ళి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తుంటాను. స్టూడియోల వాళ్ళు ఫోటోలు పంపితే ఇంట్లో ఫోటోషాప్‌లో 12×36 షీట్లు కట్టి ల్యాబ్‌కి పంపుతాను. ఇన్నాళ్ళూ ల్యాప్‌టాప్ స్క్రీన్ మీదే నెట్టుకొచ్చాను. మొన్న 27 అంగుళాల ఐపీఎస్ (ప్యానెల్ రకం) మానిటర్ కొన్నాను, 2560×1440. హెచ్‌డీఎంఐ కేబుల్‌తో కలిపాను. గ్రాఫిక్స్ చిప్ ఎన్విడియా.

పెళ్ళికూతురి జడ నల్లగా ఉండాల్సింది బూడిద పూసినట్టు కనిపిస్తోంది. అదే ఫోటో ఫోన్‌లో బాగానే ఉంది. చిన్న అక్షరాల అంచుల్లో, ముఖ్యంగా ఎరుపు మీద రాసిన పేర్లకి, రంగు చెదిరినట్టుంది. ఇది చాలదన్నట్టు ప్రింట్లు స్క్రీన్ మీద కంటే చాలా డల్‌గా వస్తున్నాయి. షాపులో అడిగితే "ప్యానెల్ అంతే సార్, వివిడ్ మోడ్ పెట్టుకోండి" అన్నారు. పెట్టాను. పసుపు నీళ్ళన్నీ నారింజ రంగుకి తిరిగాయి. సీజన్ మొదలవబోతోంది, టెన్షన్‌గా ఉంది. మానిటర్ తిరిగి ఇచ్చేయాలా?

ల్యాబ్_రాత్రిడ్యూటీ:

ఇవ్వకండి, మీరు చెప్పినదాన్ని బట్టి ప్యానెల్ తప్పేమీ కనిపించట్లేదు. నేను కలర్ ల్యాబ్‌లో ప్రింటింగ్ మెషిన్ దగ్గరే ఉంటాను. "మా స్క్రీన్ మీద బాగుంది, మీ ప్రింట్ బాగాలేదు" అన్న ఫోన్లు నాకు రోజూ వస్తాయి. అందరూ ముందు రంగుల స్లైడర్లు పట్టుకుని లాగుతారు. వాటిని ఇప్పుడు ముట్టుకోకండి. మానిటర్ మెనూలో రీసెట్ కొట్టి మొదలుపెట్టండి.

జడ సంగతి ముందు. హెచ్‌డీఎంఐ టీవీల కోసం పుట్టిన దారి. టీవీ లెక్కలో నలుపు 16 దగ్గర, తెలుపు 235 దగ్గర, దీన్ని లిమిటెడ్ అంటారు. కంప్యూటర్ లెక్కలో 0 నుంచి 255, ఇది ఫుల్. ల్యాప్‌టాప్ టీవీ లెక్కలో పంపుతూ, మానిటర్ కంప్యూటర్ లెక్కలో చదివితే 16 అనేది నలుపు కాదు, ముదురు బూడిద. మీ జడ అక్కడే ఇరుక్కుంది. ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో చేంజ్ రిజల్యూషన్ పేజీకి వెళ్ళి, కింద యూజ్ ఎన్విడియా కలర్ సెట్టింగ్స్ ఎంచుకోండి. అవుట్‌పుట్ కలర్ ఫార్మాట్ ఆర్‌జీబీ, అవుట్‌పుట్ డైనమిక్ రేంజ్ ఫుల్. మానిటర్ మెనూలో కూడా బ్లాక్ లెవెల్ అనో ఆర్‌జీబీ రేంజ్ అనో ఒకటి ఉంటుంది, కంపెనీని బట్టి పేరు మారుతుంది. రెండు వైపులా ఒకే లెక్క ఉండాలి. తిరగబడితే ఇంకో గోల: పెళ్ళికొడుకు కోటు మడతలన్నీ కలిసిపోయి నల్లటి ముద్దవుతుంది.

అక్షరాల అంచులకి కూడా ఆ ఫార్మాటే కారణం కావచ్చు. వీడియో కోసం వాడే వైసీబీసీఆర్ 4:2:2 ఫార్మాట్‌లో వెళ్తుంటే రంగు సమాచారం సగానికి తగ్గుతుంది. వీడియోలో తెలియదు, ఎర్ర అక్షరాల్లో తెలిసిపోతుంది. ఆర్‌జీబీ పెట్టాక కూడా గీతలు కనిపిస్తే షార్ప్‌నెస్ చూడండి. దాన్ని ఎక్కువ పెడితే అక్షరాల చుట్టూ తెల్లటి అంచు వస్తుంది.

ఇక ప్రింట్ చీకటి. దానికి కారణం బ్రైట్‌నెస్. మానిటర్లు షాపు వెలుతురులో మెరవడానికి ఎక్కువ పెట్టి వస్తాయి, 300 నిట్స్ (స్క్రీన్ వెలుగు కొలత) మామూలే. ప్రింట్ పనికి 80 నుంచి 120 చాలు. అంత వెలుగులో చూసి మీరు ఫోటోని తగ్గించి పంపుతారు, మీరు పంపినదే మేము ప్రింట్ చేస్తాం. స్క్రీన్ వెలుగు, రంగులు కొలిచే మీటర్ లేకపోతే ల్యాబ్‌లో తీసిన పాత ప్రింట్ ఒకటి, దాని ఫైల్ ఒకటి పక్కపక్కన పెట్టుకోండి. ప్రింట్ మీద తెల్లటి లైటు పడాలి, పసుపు బల్బు వద్దు. స్క్రీన్ ప్రింట్‌కి దగ్గరయ్యేదాకా బ్రైట్‌నెస్ దించండి. రెండు రోజులు గుడ్డిగా అనిపిస్తుంది, తర్వాత కన్ను అలవాటు పడుతుంది.

డైనమిక్ కాంట్రాస్ట్, ఎకో, విండోస్‌లో నైట్ లైట్, హెచ్‌డీఆర్ అన్నీ ఆపండి. వివిడ్ గురించి నేను చెప్పను, బీపీ పెరుగుతుంది.

కేబుల్_కుమార్:

ఇంత గొడవ ఎందుకు బ్రదర్, హెచ్‌డీఎంఐ బదులు డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ వాడితే చాలు. ల్యాప్‌టాప్ టైప్-సీలో డిస్‌ప్లే సౌకర్యం ఉంటే టైప్-సీ నుంచి డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ దొరుకుతుంది. ఈ లిమిటెడ్-ఫుల్ తలనొప్పి అందులో తక్కువ. ఇన్‌పుట్ మార్చడం మర్చిపోవద్దు, ఆటో సోర్స్ ఒక్కోసారి హెచ్‌డీఎంఐ దగ్గరే కూర్చుని నో సిగ్నల్ అంటుంది.

ల్యాబ్_రాత్రిడ్యూటీ:

కుమార్ గారు చెప్పింది జడకి పనికొస్తుంది, ప్రింట్ చీకటికి పనికిరాదు. మీటర్ కొన్నా అంతే, ముందు వెలుతురు దించాల్సిందే.

ఆల్బమ్‌పని_తెనాలి:

అన్నా, కంట్రోల్ ప్యానెల్‌లో డిస్‌ప్లే అనే భాగమే లేదు! త్రీడీ సెట్టింగ్స్ ఒక్కటే ఉంది.

ల్యాబ్_రాత్రిడ్యూటీ:

అయితే మీ హెచ్‌డీఎంఐ పోర్ట్ ఇంటెల్ గ్రాఫిక్స్‌కి కలిపి ఉంది. చాలా ల్యాప్‌టాప్‌లు అంతే. ఇంటెల్ గ్రాఫిక్స్ కమాండ్ సెంటర్‌లో ఆ లెక్కకే క్వాంటైజేషన్ రేంజ్ అని పేరుంటుంది, ఫుల్ పెట్టండి.

ఆల్బమ్‌పని_తెనాలి:

పెట్టగానే స్క్రీన్ ఒక క్షణం ఆరి వెలిగింది, జడ నల్లబడింది! అక్షరాలు కూడా సర్దుకున్నాయి. బ్రైట్‌నెస్ 90 నుంచి 28కి దించితే పాత ప్రింట్‌కి దగ్గరైంది. ఒక్క సమస్య మిగిలింది. ఎస్‌ఆర్‌జీబీ (ప్రామాణిక రంగుల పరిధి) మోడ్ పెడితే బ్రైట్‌నెస్ తాళం పడిపోతోంది, మార్చనివ్వదు. ఏం చేయాలి?

ల్యాబ్_రాత్రిడ్యూటీ:

చాలా మానిటర్లకి ఆ జబ్బు ఉంది. యూజర్ మోడ్‌కి రండి. గామా 2.2, కలర్ టెంపరేచర్ 6500. తెలుపు నీలంగా అనిపిస్తే బ్లూ ఒక్కటే నాలుగైదు పాయింట్లు తగ్గించండి, ఏదీ పెంచొద్దు. మీ ప్యానెల్ రంగుల పరిధి ఎక్కువైతే యూజర్ మోడ్‌లో ఎరుపు కాస్త గాఢంగా కనిపిస్తుంది, దాన్ని చూసి ఫోటోలో ఎరుపు తగ్గించకండి. కాంట్రాస్ట్‌కి మధుపర్కాల ఫోటో తెరవండి. తెల్ల పంచె మడతలు కనబడకపోతే, కనబడేదాకా దించండి. ఎంత దించినా రాకపోతే అది కెమెరాలోనే పోయింది, స్టూడియో వాళ్ళని అడగాలి.

ఫైల్ మాత్రం ఎస్‌ఆర్‌జీబీలోనే సేవ్ చేయండి. అంతకంటే పెద్ద రంగుల పరిధి ఉన్న అడోబ్ ఆర్‌జీబీలో పంపితే మా మెషిన్ దాన్ని ఎస్‌ఆర్‌జీబీ అనుకుని కొడుతుంది, మళ్ళీ డల్ అంటూ నాకే ఫోన్ చేస్తారు.